మడతలో మూడు అంగుళాలు వదలండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయిన మర్నాడు మా వాడకట్టులో ఉండే ఒక తల్లి తన కొడుకు యూనిఫాం ప్యాంటు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. పిల్లవాడు సర్కారు బడిలో ఏడో తరగతి. "అక్కా, పొట్టిదైంది. జర కిందికి వదులు" అంది. ప్యాంటు తిరగేసి చూశాను. కింద మడత ముప్పావు అంగుళం. అది ఊడదీసి మళ్లీ సన్నగా మడిచి కుడితే కలిసొచ్చేది అర అంగుళం. పిల్లవాడికి చీలమండ మీద రెండు అంగుళాలు ఖాళీ కనిపిస్తోంది. నడుము వెనక చూస్తే కుట్టు పక్కనే ఓవర్‌లాక్, అంటే అంచు పోగులు ఊడకుండా కొట్టే కుట్టు, ఆ తర్వాత గుడ్డే లేదు. గుడ్డకు ఏమీ కాలేదు. రంగు పోలేదు, ఎక్కడా చిరగలేదు. అయినా ఆ ప్యాంటును పెంచే దారి లేదు.

ఆ ప్యాంటు కుట్టింది నేనే. నా చేతి కుట్టు నాకు తెలుస్తుంది, జేబు మూల దగ్గర నేను రెండు టాకాలు ఎక్కువ వేస్తాను. కిందటి జూన్‌లో మా మహిళా సంఘానికి యూనిఫాంల పని వచ్చినప్పుడు నా వంతుకు పడిన జతల్లో అదొకటి. రోజుకు ఎన్ని జతలు దిగితే అంత కూలీ, బడులు తెరిచేలోపు ఇవ్వాలి. ఆ తొందరలో గుడ్డ అంచుదాకా ఓవర్‌లాక్ కొట్టుకుంటూ పోయాను. ఆ తల్లికి ఏం చెప్పాలో తోచలేదు. అప్పటినుంచి ఈ విషయం మనసులో మెదులుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

పాత బట్టల గుట్టల గురించి, ఫ్యాషన్ కంపెనీలు సర్క్యులర్ పద్ధతికి మారాలని పత్రికల్లో తరచుగా రాస్తున్నారు. మా అబ్బాయి తమిళనాడులోని తిరుప్పూరులో ఒక బనీన్ల యూనిట్‌లో కటింగ్ విభాగంలో పనిచేస్తాడు. ఆ మాటకు అర్థం వాడిని అడిగాను. "అమ్మా, బట్ట కుట్టేటప్పుడే దాన్ని ఊడదీసే రోజు గురించి ఆలోచించి కుట్టడం" అన్నాడు. చాలకపోతే ఎట్లా పెంచాలి, చిరిగితే ఎట్లా అతకాలి, ఇక పనికిరాదు అనుకున్నప్పుడు గుండీలు, జిప్పులు తీసేసి మళ్లీ నూలు ఎట్లా చేయాలి అన్నది మొదటి కత్తెర పెట్టకముందే చూసుకోవాలట. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. మా బాపు అట్లాగే కుట్టేవాడు.

బాపు కరీంనగర్‌లో ఒక కిరాణా దుకాణం అరుగు మీద మిషన్ పెట్టుకొని నలభై ఏళ్లు బట్టలు కుట్టాడు. పెళ్లి ప్యాంటు కుడితే వెనక నడుము దగ్గర రెండు వైపులా కలిపి మూడు అంగుళాల గుడ్డ లోపల వదిలేవాడు. ఆడపిల్లల పట్టు లంగాలకు కింద లోపలివైపు మూడు మడతలు వేసేవాడు. ఏటా దసరాకు ఒక మడత విప్పించుకోవడానికి తల్లులు వచ్చేవాళ్లు. నా లంగా ఒకటి అట్లా నాలుగేళ్లు కట్టుకున్నాను, ఆ తర్వాత అది మా చెల్లెలికి పోయింది. అంగీ కాలరు అరిగిపోతే దాన్ని ఊడదీసి తిరగేసి కుట్టేవాడు. అరగని వైపు పైకి వచ్చేది, అంగీ ఇంకో రెండేళ్లు నడిచేది. కాలరు తిప్పమని ఇప్పుడు ఎవరూ అడగరు. అడిగినా తిప్పలేను. రెడీమేడ్ అంగీల కాలరు లోపల, అది గట్టిగా నిలవడానికి జిగురుతో అంటించే పొర ఉంటుంది, దాన్నే ఫ్యూజింగ్ అంటారు, ఊడదీస్తే గుడ్డతో పాటు జిగురు పొర లేచి వస్తుంది.

ఆ రోజులు మళ్లీ రావాలని నేను రాయడం లేదు. రావు. ఎందుకంటే మనం మారినదానికంటే గుడ్డ ఎక్కువ మారింది. మా అవ్వ ఎండాకాలం వస్తే బొంతలు కుట్టేది. పైన ఒకటి, కింద ఒకటి మెత్తబడిన నేత చీరలు వేసి, మధ్యలో చిరిగిన చీరలు, ధోవతులు నాలుగైదు పరిచి, దబ్బనంతో దగ్గర దగ్గరగా టాకాలు వేసేది. ఇప్పటికీ నా దగ్గరకు బొంత కుట్టమని మూటలు తెచ్చేవాళ్లున్నారు. మూట విప్పితే పది చీరల్లో కాటన్‌వి రెండు కూడా ఉండవు. మిగతావన్నీ పాలిస్టర్, జార్జెట్, షిఫాన్. వాటితో బొంత కుడితే పొర మీద పొర జారిపోతుంది. ఎండాకాలం దాని మీద పడుకుంటే ఒళ్లంతా చెమట. పొత్తిగుడ్డలకు పనికిరావు, తడి పీల్చవు. ఇల్లు తుడవడానికి కూడా పనికిరావు, నీళ్లను అటు ఇటు జరుపుతాయి తప్ప తుడవవు.

పాత బట్టలకు స్టీలు బోళ్లు ఇచ్చే ఆమె మా ఊరికి ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. ఆమె బట్ట పట్టుకునే తీరు చూడాలి. బొటనవేలు, చూపుడు వేలి మధ్య ఒకసారి నలిపి ఏ గుట్టలో వేయాలో చెప్పేస్తుంది. జరీ అంచు చీర ఒక పక్క, కాటన్ ఒక పక్క, మంచి ప్యాంట్లు ఒక పక్క. సాగే లెగ్గింగులు, పిల్లల నైలాన్ గౌన్లు, చెమ్కీలు అంటించిన టాప్‌లు ఎన్ని ఇచ్చినా గరిట కూడా ఇవ్వదు, "ఇవి నేనేం చేసుకోవాలె అమ్మా" అని తిరిగి ఇచ్చేస్తుంది. అవి చివరికి చెత్త బండిలోకి పోతాయి, లేకపోతే ఊరి బయట కాలుతాయి. పాలిస్టర్ కాలితే బూడిద కాదు, కరిగి నల్లటి ముద్ద అవుతుంది. మా చెరువు కట్ట పక్కన ఆ ముద్దలు నేను చూశాను. ఆ బోళ్లామె వేళ్లకు తెలిసిన సంగతి ఆ బట్టలు గీసిన డిజైనర్లకు తెలిసి ఉంటే అవి అసలు పుట్టేవి కావు.

మన దేశంలో ఏటా 78 లక్షల టన్నుల దాకా బట్టల వ్యర్థం పోగవుతోందని ఫ్యాషన్ ఫర్ గుడ్ అనే సంస్థ 2022లో లెక్క తేల్చింది. అందులో సగం ఇళ్లలో నుంచి వచ్చేదే. మనం అసలే తిరగేసి వాడుకోవడం లేదని కాదు. హర్యానాలోని పానిపట్‌కు ప్రపంచం నలుమూలల నుంచి పాత ఉన్ని బట్టలు వస్తాయి. అక్కడి ఆడవాళ్లు గుండీలు, జిప్పులు, లేబుళ్లు కోసేసి, రంగుల వారీగా వేరు చేస్తారు. ఆ గుడ్డను యంత్రంలో చీల్చి నూలు తీసి దుప్పట్లు నేస్తారు. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు పంచే చవక దుప్పట్లు ఒకప్పుడు చాలావరకు అట్లా పుట్టినవే. మా అబ్బాయి ఉండే తిరుప్పూరులో కటింగ్ టేబుల్ మీద మిగిలిన బనీను గుడ్డ ముక్కలను కూడా రంగుల వారీగా ఏరి మళ్లీ నూలు వడుకుతారు. ఎర్ర ముక్కల నుంచి ఎర్ర నూలే వస్తుంది, మళ్లీ రంగు వేసే పని ఉండదు. అక్కడ ఆ పని సాగుతున్నదంటే కారణం ఒక్కటే, ఆ ముక్కల్లో ఎక్కువ భాగం పత్తి ఒక్కటే ఉంటుంది. రెండు మూడు రకాల పీచు కలిసిన గుడ్డయితే ఆ నూలు వడికేవాళ్లకు కూడా తలనొప్పే.

మన యూనిఫాంలకు, అంగీలకు వాడే టెరికాటన్ అట్లాంటి కలిపిన గుడ్డే. మామూలుగా 67 పాళ్లు పాలిస్టర్, 33 పాళ్లు కాటన్ ఉంటుంది. నూలు వడికేటప్పుడే రెండు పీచులూ పెనవేసుకుంటాయి, వాటిని మళ్లీ విడదీయాలంటే రసాయనాలతో పెద్ద పని. పాత బట్ట నుంచి మళ్లీ కొత్త బట్టే తయారయ్యే సరుకు ప్రపంచం మొత్తం మీద ఒక్క శాతం కన్నా తక్కువని, ఈ సర్క్యులర్ పద్ధతి కోసం పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే సంస్థ 2017లో రాసింది. ఆ సంస్థే 2019లో జీన్స్ ప్యాంట్లకు కొన్ని నియమాలు పెట్టింది. గుడ్డలో పత్తి లాంటి సెల్యులోజ్ పీచు కనీసం 98 శాతం ఉండాలి, ఇంట్లో 30 సార్లు ఉతికినా తట్టుకోవాలి, జేబు మూలల్లో కొట్టే లోహపు రివెట్లు తీసేయాలి లేదా బాగా తగ్గించాలి. సుమారు వంద కంపెనీలు, మిల్లులు ఆ నియమాలతో జీన్స్ తయారుచేశాయి. మా అబ్బాయి ఈ సంగతి చెప్పినప్పుడు నేను ఒకటే అనుకున్నాను. ఇందులో మనకు చేతకానిది ఏముంది? సాగే దారం తక్కువ వేయడం, రివెట్టు బదులు గట్టి టాకా వేయడం. ఏ ఊళ్లో దర్జీ అయినా చేస్తాడు.

అయితే నియమాలు, యంత్రాలు ఉంటే సరిపోదని స్వీడన్‌లో జరిగింది చూస్తే తెలుస్తుంది. అక్కడి సుండ్స్‌వాల్ పట్టణంలో రీన్యూసెల్ అనే కంపెనీ పాత కాటన్ బట్టలను గుజ్జు చేసి కొత్త పీచుకు ముడిసరుకు తీసే ఫ్యాక్టరీని 2022లో తెరిచింది. ఏడాదికి 60 వేల టన్నులు తీయగల ఫ్యాక్టరీ. పెద్ద పెద్ద ఫ్యాషన్ కంపెనీలు మెచ్చుకున్నాయి, మేం కొంటాం అన్నాయి. 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా తీసింది. గుజ్జు బాగాలేక కాదు, అనుకున్నన్ని ఆర్డర్లు రాక. అదే ఏడాది వేరే పెట్టుబడి సంస్థ దాన్ని కొని పేరు మార్చింది. బాపు ఒక మాట అనేవాడు, గిరాకీ ఖాయం కాకుండా గుడ్డ తాను కోయొద్దని. అంత పెద్ద ఫ్యాక్టరీకి అదే సంగతి ఎదురైంది.

ఇక నేను చెప్పదలచుకున్నది. గిరాకీ ఖాయంగా ఉన్న బట్ట మన దగ్గర ఒకటి ఉంది. సర్కారు బడి యూనిఫాం. ఏటా లక్షల జతలు, ఒకే గుడ్డ, ఒకే రంగు. కొనేది ప్రభుత్వం, కొలతలు నిర్ణయించేది ప్రభుత్వం, కుట్టేది మా లాంటి సంఘాల ఆడవాళ్లు, వేసుకునే పిల్లలు ఏ బడిలో ఉన్నారో రిజిస్టరులో ఉంటుంది. పెద్ద పెద్ద బ్రాండ్లు తాము అమ్మిన అంగీ ఎవరింట్లో ఉందో తెలియక, దాన్ని వెనక్కి ఎట్లా తెప్పించుకోవాలో తెలియక తిప్పలు పడుతున్నాయి. మనకు ఆ తిప్పలు లేవు. ఆ అంగీ రోజూ ఉదయం తొమ్మిదిన్నరకల్లా ప్రార్థన వరసలో నిలబడి ఉంటుంది. సర్క్యులర్ ఫ్యాషన్‌ను పెద్ద ఎత్తున చేయాలంటే, ఎక్కడో ఖరీదైన షోరూముల్లో కాదు, ఇక్కడ మొదలుపెట్టాలి.

మొదట ప్యాంటు గురించే చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే. ఏడో తరగతి పిల్లవాడు ఏడాదిలో రెండు మూడు అంగుళాలు పెరుగుతాడు, అందులో సగానికి పైగా కాళ్లే పెరుగుతాయి. కింద ఇప్పుడున్న ముప్పావు అంగుళం బదులు మూడు అంగుళాల మడత వదిలితే ఆ ప్యాంటు రెండేళ్లు వస్తుంది. దానికి ఎంత గుడ్డ కావాలి? పొడవులో రెండుంపావు అంగుళాలు, అంటే ఆరు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. పెద్ద పన్నా, అంటే వెడల్పు ఎక్కువున్న గుడ్డలో రెండు కాళ్లూ పక్కపక్కనే పడతాయి కాబట్టి ఆ ఆరు సెంటీమీటర్లే అదనం. మీటరు 150 రూపాయలు అనుకున్నా తొమ్మిది రూపాయలు దాటదు. నడుము వెనక కుట్టులో అంగుళంన్నర వదలాలంటే ముక్క కత్తిరించే తీరు మార్చుకుంటే చాలు, దాదాపు అదే గుడ్డలో సర్దుకుంటుంది.

నడుముకు వేసే ఎలాస్టిక్ గురించి ఎవరూ మాట్లాడరు. యూనిఫాం ముందుగా చచ్చేది అక్కడే. ఎలాస్టిక్‌ను గుడ్డతో కలిపి నాలుగు వరసలు కుట్టేస్తారు. ఏడాది ఉతుకులకు అది సాగి వదులవుతుంది, మార్చాలంటే ఆ నాలుగు వరసలూ ఊడదీయాలి, దానికి గంట పని. అదే లంగా బొందు ఎక్కించే పట్టీలా ఒక దారి వదిలి, లోపలివైపు అంగుళం కంత ఉంచితే, తల్లే పిన్నీసుతో పాతది లాగేసి కొత్తది ఎక్కించుకుంటుంది. అయిదు రూపాయల ఎలాస్టిక్ పోయినందుకు రెండు వందల ప్యాంటు మూలన పడుతోంది.

ఆడపిల్లల స్కర్టులకు, కుర్తాలకు కింద రెండు మడతలు పైకి కనిపించేలా డిజైన్‌గానే వేయాలని నా ఆలోచన. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచకుండా చెప్పాలి. మడత విప్పినప్పుడు పాత అంచు గీత కనిపిస్తుంది. పైన వెలిసిన రంగు, కింద కొత్త రంగు. "వాళ్లది పోయినేటిది" అని తోటి పిల్లలు అంటారు, ఆ మాట చిన్న పిల్లకు చాలా గుచ్చుకుంటుంది. నా చిన్నప్పుడు నేను కూడా ఆ గీతను చేత్తో కప్పుకొని కూర్చున్నదాన్ని. అందుకే ఒకరిద్దరికి కాదు, బడి మొత్తానికి మడతల యూనిఫాం ఉండాలంటున్నాను. అందరి స్కర్టు మీదా ఆ గీత ఉంటే అది ఎవరి పేదరికాన్నీ చెప్పదు. మడత ఎక్కడ వస్తుందో అక్కడ సన్నని రంగు పట్టీ కుట్టే వీలు కూడా ఉంది, గీత ఆ పట్టీ కిందకు పోతుంది. మా సంఘంలో ఒక అమ్మాయి ఇట్లా ఒకటి కుట్టి చూపించింది, బాగుంది.

గుడ్డ విషయంలో నేను పాలిస్టర్ వద్దే వద్దు అనే మనిషిని కాదు. వానాకాలంలో రెండు జతలతో బడికి పంపే తల్లికి రాత్రి ఉతికితే పొద్దటికి ఆరే గుడ్డ కావాలి. ఇస్త్రీ పెట్టె లేని ఇళ్లున్నాయి. ఆ కష్టం తెలియకుండా అంతా ఖద్దరు వేయండి అనడం న్యాయం కాదు. కానీ కలపకండి. అంగీకి పూర్తి కాటన్ వేయండి, ఎండల్లో రేకుల గదుల్లో కూర్చునే పిల్లల ఒంటికి అదే మంచిది. కింద ప్యాంటుకు, స్కర్టుకు పాలిస్టరే కావాలంటే పూర్తిగా ఒకటే పీచు ఉన్నది వేయండి. రేపు పాతబడినప్పుడు అంగీలు ఒక దారిన, ప్యాంట్లు ఇంకో దారిన పోతాయి. కలిపిన గుడ్డకు ఏ దారీ లేదు. మన యూనిఫాం గుడ్డ నేసే సిరిసిల్ల మరమగ్గాల మీద కాటన్ కూడా నేస్తారు, లంగా గుడ్డకు ఆ ఊరు పేరున్నదే. పత్తి మనదే, మగ్గం మనదే.

కాలరులో అంటించే ఫ్యూజింగ్ తీసేసి మెత్తటి కాలరు వేస్తే పిల్లల మెడకు హాయి, మాకు తిప్పి కుట్టే వీలు. గుండీలన్నీ ఒకే సైజు, ఒకే రంగు ఉండాలి. ఊడిపోయిన గుండీకి జత దొరక్క పిన్నీసు పెట్టుకొచ్చే పిల్లలను ప్రతి బడిలో చూస్తాం.

బాగుచేసే పనికి డబ్బు ఎవరు ఇస్తారన్నది అసలైన ముడి. నేను జిప్పు మారిస్తే జిప్పు ఖర్చుతో కలిపి యాభై రూపాయలు తీసుకుంటాను. "సంతలో నూట యాభైకి కొత్త ప్యాంటే వస్తది గదా" అంటారు. వాళ్లను తప్పుపట్టలేను. కొత్తది అంత చవక అయినప్పుడు పాతదాని మీద కూర్చొని చేసే గంట పనికి విలువ కనిపించదు. చిన్న పట్టణాల్లో ఆల్టరేషన్ చేసే దర్జీలు ఒక్కొక్కరే మానేస్తున్నది అందుకే. ఫ్రాన్స్‌లో దీనికి ఒక ఏర్పాటు చేశారు. బట్టలు, చెప్పులు అమ్మే కంపెనీలు తాము అమ్మే ప్రతి దాని మీదా కొంత రుసుం కట్టాలని అక్కడ 2007లోనే చట్టం వచ్చింది. ఆ డబ్బును చూసే సంస్థ పేరు రీఫ్యాషన్. 2023 నవంబరు నుంచి, నమోదైన దర్జీ దగ్గర బట్ట బాగుచేయించుకుంటే పనిని బట్టి బిల్లులో కొంత తగ్గిస్తున్నారు (మొదలైనప్పుడు 6 నుంచి 25 యూరోల దాకా), ఆ తగ్గించిన మొత్తాన్ని దర్జీకి ఆ నిధి నుంచి ఇస్తారు. కొత్త బట్ట అమ్మేవాడే పాత బట్ట మరమ్మతుకు కొంత మోయాలన్న ఈ లెక్క నాకు చాలా న్యాయంగా అనిపించింది. మన దేశంలో ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలకు అట్లాంటి బాధ్యతను 2022లో నియమాలతో గట్టిపరిచారు. బట్టల కంపెనీలకూ పెట్టాలి. అది ఢిల్లీలో జరగాల్సిన పని, టైం పడుతుంది.

యూనిఫాంకు మాత్రం అంతదాకా ఆగనవసరం లేదు. సర్కారు బడులకు కేంద్రం నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం లెక్కల్లో ఎనిమిదో తరగతి దాకా ఒక్కో విద్యార్థికి ఏడాదికి రెండు జతలకు 600 రూపాయలు. మన రాష్ట్రంలో సంఘాల ఆడవాళ్లకు జత కుట్టు కూలీ 2024లో 50 రూపాయల నుంచి 75కు పెంచారు, అందుకు మేం సంతోషించాం. దానికి తోడు ఒక్కో విద్యార్థికి ఇంకో పాతిక రూపాయలు "రెండో కుట్టు" పేరుతో పెట్టండి. దసరా సెలవుల తర్వాత ఒక రోజు, సంక్రాంతి తర్వాత ఒక రోజు మా సంఘం వాళ్లం నాలుగు మిషన్లు తీసుకొని బడికే వస్తాం. మడతలు విప్పుతాం, గుండీలు వేస్తాం, మోకాళ్ల దగ్గర అరిగినచోట లోపల పట్టీ వేస్తాం. జూన్‌లో చేతినిండా పని ఉండి, ఆగస్టు తర్వాత మిషన్ మీద గుడ్డ కప్పి కూలికి పోయే ఆడవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. వాళ్లకు ఏడాది మధ్యలో పని దొరుకుతుంది. పిల్లలు కూడా చూస్తారు. గుండీ కుట్టుకోవడం వచ్చిన పిల్లవాడు అంగీని పారేసే ముందు ఒకసారి ఆగుతాడని నా నమ్మకం.

పాత యూనిఫాంలు తిరిగి తీసుకోవడం గురించి జాగ్రత్తగా ఆలోచించాలి. జూన్‌లో కొత్త జత ఇచ్చేటప్పుడు పాతది ఇస్తేనే ఇస్తాం అని ఎవరైనా నిబంధన పెడతారేమోనని నాకు భయం. అట్లా చేయొద్దు. మా దగ్గర పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి పోయే ఆడవాళ్లు చీర మీద అంగీ తొడుక్కుంటారు, చేతులు కోసుకుపోకుండా, ఎండ తగలకుండా. ఆ అంగీల్లో చాలావరకు పెద్ద పిల్లల పాత యూనిఫాంలే. ఆ పాత అంగీ అట్లా ఇంకో రెండు మూడేళ్లు పనిచేస్తుంది. దాన్ని ఎవరూ గుంజుకోకూడదు. ఇంట్లో ఎవరికీ పట్టనివి, ఇక తొడుక్కోలేనివి మాత్రమే బడిలో ఒక పెట్టెలో వేయమని అడగాలి. అందులో బాగున్నవి ఉతికి, సరిచేసి, ఏడాది మధ్యలో వేరే ఊరి నుంచి వచ్చి చేరే పిల్లలకు ఇవ్వొచ్చు. ఇటుక బట్టీల పనికి వచ్చే కుటుంబాల పిల్లలు నవంబరులో, డిసెంబరులో చేరతారు. అప్పటికి పంపిణీ అయిపోయి ఉంటుంది, ఆ పిల్లలు రంగు బట్టల్లో చివరి వరసలో కూర్చుంటారు. పూర్తిగా పోయినవాటికి గుండీలు కోసి మేం దాచుకుంటాం, గుడ్డను కిలోల లెక్కన పంపిస్తాం.

ఎక్కడికి పంపాలి? వరంగల్ దగ్గర గీసుకొండలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది, 2017లో శంకుస్థాపన జరిగింది. కొత్త బట్టల ఫ్యాక్టరీలతో పాటు అక్కడ పాత బట్టను ఏరి, చీల్చి, నూలు వడికే యూనిట్ ఒకటి పెట్టమని అడుగుతున్నాను. ప్రతి జూన్‌లో రెండు రకాల పీచు, తెలిసిన రంగుల్లో, గుండీలు తీసేసి లారీల్లో వస్తుందని ముందే తెలిస్తే ఆ యూనిట్ పెట్టేవాడికి ధైర్యం ఉంటుంది. ఆ నూలుతో నేసిన చాపలు, దుప్పట్లు, బడి సంచులు మళ్లీ హాస్టళ్లకే కొనుక్కోవచ్చు. సరుకు వచ్చే దారి, పోయే దారి రెండూ ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. స్వీడన్ వాళ్లకు దొరకనిది అదే.

ఇన్ని ఏళ్లు గడిచినా కొలతలు నిర్ణయించే ముందు మమ్మల్ని ఎవరూ అడగలేదని ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. మిషన్ మీద తల వంచుకొని, ఇచ్చిన ముక్కలు ఇచ్చినట్టే కుట్టాను. ఆ తల్లి వచ్చాకే ఇది నేను చెప్పాల్సిన విషయం అనిపించింది. సాధారణంగా గుడ్డ ఆర్డర్లు ఎండాకాలానికి ముందే ఖాయమవుతాయి. వచ్చే ఏడు యూనిఫాం గుడ్డ కొలతలు రాసే అధికారులు, సంతకం పెట్టే ముందు ఒక పూట ఏ ఊళ్లోనైనా కుట్టుమిషన్ పక్కన కూర్చోవాలని, రెండేళ్ల కిందటి ప్యాంటు ఒకటి తెప్పించుకొని చేత్తో ఊడదీసి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తోటి దర్జీలు, సంఘాల అక్కాచెల్లెళ్లు కూడా తమకు తెలిసిన ఉపాయాలు మీకు రాయాలి. నాకు ప్యాంటు సంగతి తెలిసినంత బాగా గౌనుల సంగతి తెలియదు.

ఆ పిల్లవాడి ప్యాంటుకు నేను కింద వేరే గుడ్డతో రెండు అంగుళాల పట్టీ అతికించి ఇచ్చాను. నీలం రంగు కలిసింది కానీ నేత కలవలేదు, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. డబ్బు తీసుకోలేదు. ఈ జూన్‌లో నా వంతుకు వచ్చే ముక్కల్లో గుడ్డ చాలినంత మేరకు ఓవర్‌లాక్ అంచుకు తీసుకుపోకుండా లోపల వదిలి కుడతాను. ఎంత వదలగలనో ముక్కలు చేతికి వచ్చాకే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మహిళా సంఘం సభ్యురాలు, కుట్టుపనిమనిషి,
కరీంనగర్ జిల్లా